ఆరవ తరానికి పూచీ

తమామ్ దొడ్డిలో మూడు మేకలు చచ్చిపడి ఉన్నాయన్న కబురు వచ్చినప్పుడు నేను పెట్టెలో పుస్తకాలు సర్దుతున్నాను. వసంతం ముగిసేలోగా తూర్పు ఎడారికి వెళ్లాలి. అక్కడి నల్లరాతి బీళ్లలో తోడేళ్లు, దుమ్ములగొండులు, అడవిపిల్లులు ఎన్ని మిగిలాయో, ఏం తిని బతుకుతున్నాయో తేల్చే సర్వేకు అమ్మాన్‌లోని పరిశోధన సంస్థ నన్ను అధిపతిగా నియమించింది. మాంసాహార జంతువుల మీద డాక్టరేటు పుచ్చుకున్న ముప్పై ఏళ్లకు, వేరెవరి పేరు కిందా కాక నా పేరు మీదనే జరగబోయే మొదటి పని అది. వాదీ సిద్ర అనే ఈ ఒక్క లోయను దాటి నేను పనిచేయబోయే మొదటి చోటు కూడా అదే.

కబురు తెచ్చినవాడు నా తమ్ముడు ఆయిద్. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ దుమ్ములగొండే చంపిందని హర్బ్ ఊరంతా చెబుతున్నాడు. నా మొహం మీదికి వచ్చింది. పద."

"నాది కాదు, నీది. నీ ముఖంలో కదా ఉంది."

"పెట్టిందెవరు?"

ఈ మూడు ముక్కల సంభాషణ మా ఇద్దరి మధ్య లెక్కలేనన్ని సార్లు జరిగింది. నేను కొలపట్టీ, పళ్ల ఎడం కొలిచే ఇనుప కాలిపర్లూ తీసుకుని బయల్దేరాను.

ముఖం సంగతి చెప్పాలి. మా తెగలో ఒక మనిషి "ఇది నా ముఖంలో ఉంది" అన్నాడంటే, ఇక దాన్ని ముట్టుకున్నవాడు అతని ముఖం కోసినట్టే లెక్క. హంతకుడినైనా, పగవాడినైనా ఆ మాట కాపాడుతుంది. దానికి ప్రతిగా, కాపాడబడ్డవాడు చేసే ప్రతి తప్పుకూ ముఖం ఇచ్చినవాడే జవాబుదారీ.

నేను చదువు ముగించి తిరిగి వచ్చిన ఏడు, మా మగవాళ్లు ఒక దుమ్ములగొండిని ఇనుప ఉచ్చులో పట్టి, మూతికి తీగ చుట్టి, బడి ప్రహరీకి కట్టేశారు. దుమ్ములగొండి మనిషిని మైకంలో ముంచుతుందని, వాడు దాని వెనకే "నాన్నా, నాన్నా" అంటూ గుహ దాకా నడుస్తాడని, గుహ గుమ్మపు రాయి నుదుటికి తగిలి నెత్తురు కారితేనే ఆ మైకం వదులుతుందని మా వాళ్ల నమ్మకం. అలా నడిచిన మగవాణ్ని నేను ఇంతవరకు ఒక్కణ్నీ చూడలేదు. రాళ్లతో చావగొట్టిన దుమ్ములగొండులను మాత్రం చాలానే చూశాను.

ఆనాడు నేను నా పైగుడ్డ తీసి దాని మీద కప్పి, "ఇది నా ముఖంలో ఉంది" అన్నాను. వాళ్లు నవ్వారు. కోపంగా కాదు, ముద్దుగా నవ్వారు. అదే నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆడదానికి ముఖమేమిటి? అప్పుడు నేను, "అయితే నా తమ్ముడు ఆయిద్ ముఖంలో ఉంది" అన్నాను. నవ్వు ఆగింది. చేతుల్లోని రాళ్లు కింద పడ్డాయి. ఆ సమయానికి ఆయిద్ ఊళ్లో లేడు, పట్నంలో టైరు మార్పించుకుంటున్నాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. బడి చదువు సగంలో వదిలేశాడు. కానీ అతని ముఖం చెల్లింది. మూడు భాషల్లో చదివిన నా ముఖం చెల్లలేదు.

మా పెద్ద, తీర్పరి అయిన మిస్లిహ్ ఆ రోజే హద్దు పెట్టాడు. రక్తపు పగలో పూచీ పడే చుట్టరికం ఐదు తరాల దాకానే, దీనికీ అంతే. ఈ దుమ్ములగొండి, దాని తరువాత దాని సంతతి ఐదవ తరం దాకా ఆయిద్ ముఖంలో ఉంటాయి. ఆ పైన ముఖం లేదు.

ఆ హద్దే నా వృత్తి అయింది. మేక చచ్చిన ప్రతిసారీ, చంపిన జంతువేదో, అది ఏ తల్లి పిల్లో ఎవరైనా చెప్పాలి. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఏ రెండు దుమ్ములగొండుల చారలూ ఒకలా ఉండవు. గుహల ముందు కెమెరాలు కట్టి, తల్లి వెనక నడిచిన ప్రతి పిల్లకూ చారలు గుర్తుపెట్టుకుంటూ వచ్చాను. ఒకే లోయలో ఒకే వంశాన్ని ఇంతకాలం వెంబడించినవాళ్లు ప్రపంచంలో ఇంకెవరూ లేరని తర్వాత తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు అమ్మాన్ నుంచీ, సముద్రాల అవతలి నుంచీ వచ్చిన పరిశోధకులు. మూడేసి వారాలు ఉండేవారు. మా ఇంట్లో తినేవారు. నేను కూర్చిన దుమ్ములగొండుల వంశవృక్షాన్ని పట్టుకుపోయి తమ పేర్లతో వ్యాసాలు అచ్చు వేసుకునేవారు. చివరి పేజీలో "స్థానిక సహకారానికి" కృతజ్ఞతలు ఉండేవి. ఆ సహకారానికి ఒక పేరుందని వాళ్లకు తట్టలేదు.

నేనెందుకు వెళ్లి అడగలేదంటే, వెళ్లనివ్వలేదు. "నా మొహం ఇక్కడ వేలాడదీసి నువ్వు ఊళ్లు తిరిగితే ఎలా అక్కా? రేపు ఒక మేక చస్తే ఎవడు చెబుతాడు?" అనేవాడు ఆయిద్. న్యాయంగానే అనేవాడు. దుమ్ములగొండుల మేనమామ అని తెగంతా అతన్ని వెక్కిరించినా మాట తప్పలేదు. న్యాయమైన మాటతో కట్టేస్తే ముడి ఎక్కడుందో కూడా కనబడదు.

ఇప్పుడు ఎలా బయల్దేరానంటే, ఐదవ తరంలో చివరి ఆడది ఈ చలికాలంలో రహదారి మీద లారీ కింద పడి చచ్చిపోయింది. లోయలో మిగిలింది దాని కూతురు ఒక్కటే. ఎడమ భుజం మీద తెగిన చార ఉన్నది. ఆరవ తరం. అంటే నా తమ్ముడి ముఖం తీరిపోయింది. ఆ విషయం నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనంతకాలం, అలవాటు మీద ఆ జంతువు క్షేమంగా ఉంటుంది, నేను తూర్పున ఉంటాను. అడగని ప్రశ్నకు చెప్పని జవాబు అబద్ధం కాదని నిశ్చయించుకుని పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

దొడ్డి దగ్గర తమామ్ రాతి మీద కూర్చుని ఉంది. నాకన్నా పదేళ్లు పెద్దది.

"రావే ఉమ్ ఆమిర్, రా. నీ కూతురు మా ఇంటికి భోజనానికొచ్చింది. చేతులైనా కడుక్కోకుండా పోయింది."

ఉమ్ ఆమిర్, అంటే ఆమిర్ తల్లి, అని దుమ్ములగొండికి మా పూర్వులు పెట్టిన ముద్దుపేరు. పిల్లలు లేని నాకు దాన్ని తగిలించింది తమామే.

"ఏది ముందు పడింది?" అని అడిగాను.

"అదిగో, ఆ నల్లది. కడుపుతో ఉంది పాపం."

నల్లమేక గొంతు కింద నాలుగు గాట్లున్నాయి. కాలిపర్లు పెట్టి ఎడం చూశాను. తొడ కండ చీలింది. ఎముక మీద ఒక్క గీతైనా లేదు. దుమ్ములగొండి అయితే తొడ ఎముకను చెరుకుగడలా విరిచేది. దొడ్డి గోడ బయట మెత్తటి మన్నులో ముందు పాదాలూ వెనక పాదాలూ ఒకే కొలతతో, ఒకే వరుసలో పడ్డ జాడలున్నాయి. దుమ్ములగొండి ముందు పాదం పెద్దది, వెనకది చిన్నది. అది పిల్లలకు కూడా తెలుస్తుంది, చూడదలచుకుంటే.

హర్బ్ నా వెనకే నిలబడ్డాడు. తమామ్ అల్లుడు, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు.

"ఏమంటావత్తా? పళ్లు కొలిచావుగా. సంతకం కూడా పెట్టిపోయిందా?"

"చంపింది తోడేలు."

"అయితే మూడో మేక కాలేదీ? తోడేలు సంచిలో వేసుకుని పోయిందా?"

నిజమే, మూడో మేకకు వెనక కాలు లేదు. గోడ పక్కన, తోడేలు జాడల మీదుగా, ఇంకో జాడ ఉంది. ముందు పాదం పెద్దది.

"దుమ్ములగొండి తరవాత వచ్చింది," అన్నాను. "చచ్చినదాని కాలు తీసుకుని పోయింది. చంపలేదు."

"నీకెందుకీ చావు నిజాయితీ," అని తమామ్ గొణిగింది. "తోడేలనేసి ఊరుకోవచ్చుగా."

హర్బ్ మాత్రం సంతోషించాడు. "సరే, తోడేలే అనుకుందాం. తోడేలు ఎవడి మొహంలోనూ లేదు కదా? ఇవాళ ఈ మాంసం నిండా పురుగుమందు దట్టించి వాగులో పెడతా."

తోడేలు జాగ్రత్త గల జంతువు, మనిషి చేయి తగిలిన మాంసం దగ్గరికి రెండు రోజులు రాదు. చచ్చినదాన్ని వెతుక్కుని తినేది దుమ్ములగొండి. ఆ విషం తోడేలు పేరు మీద పెడతారు, తినేది తెగిన చారది.

"అది మిస్లిహ్ ముందు తేలాలి," అన్నాను.

సాయంత్రం అందరూ మిస్లిహ్ గుడారంలో కూర్చున్నారు. సాక్షిని కాబట్టి నన్ను మగవాళ్ల వైపు, అడ్డుతెర పక్కన కూర్చోబెట్టారు. మేకల యజమాని కాబట్టి తమామ్ రావలసిందే, ఆడది కాబట్టి తెర అవతల కూర్చోవలసిందే. మిస్లిహ్ కొడుకు కాఫీ పోస్తూ వచ్చాడు.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. జంతువుల విషయంలో నా మాట మీద వాళ్లకున్న నమ్మకం సంపూర్ణం. దాన్నే మరో రూపంలో ఇవ్వమంటే నవ్వుతారు.

"విషం పెడితే దుమ్ములగొండి చస్తుంది," అన్నాను. "అది ముఖం కోయడమే."

"నేను దానికి పెట్టట్లేదుగా షేక్," అన్నాడు హర్బ్. "తోడేలుకి విందు పెడితే పిలవకుండా వచ్చి తినేవాళ్ల పూచీ నాదా?"

కొందరు నవ్వారు. మిస్లిహ్ నవ్వలేదు. ముసలితనం వల్ల కళ్లు నీళ్లు కారుతూ ఉంటాయి, అందుకని అతను ఏ విషయానికైనా బాధపడుతున్నట్టే కనిపిస్తాడు.

"ఆయిద్, నువ్వేమంటావ్?"

"నేనేమంటాను పెద్దాయనా. పంతొమ్మిదేళ్లప్పుడు టైరు కొనుక్కుని ఇంటికొస్తే, నా మొహం ఇచ్చేశారని చెప్పారు. అప్పట్నుంచీ మోస్తున్నా. మోయమంటే ఇవాళ కూడా మోస్తా."

మిస్లిహ్ నా వైపు తిరిగాడు. "బిడ్డా, హద్దు పెట్టింది నేనే. ఇప్పుడు లోయలో ఉన్నది ఎన్నో తరం?"

ఎవరూ అడగరనుకున్న ప్రశ్న.

ఐదు అనవచ్చు. కాదనగలవాళ్లు లేరు. ఆయిద్ ఇంకో కొన్నేళ్లు మోస్తాడు. ఆ కొన్నేళ్లూ నేను ఇక్కడే ఉంటాను. ఆరు అనవచ్చు. ఆయిద్ బరువు దిగుతుంది, నా పెట్టె తూర్పుకు పోతుంది, వాగులో మాంసం పెడతారు. ఈ ముప్పై ఏళ్లలో నేను చేసినదల్లా ఆ అంకెను తప్పు లేకుండా ఉంచడమే. నా వ్యాసాలు వేరేవాళ్ల పేర్లతో ఉన్నాయి. ఆ అంకె ఒక్కటే నాది.

"ఆరు," అన్నాను. "ఐదోది చలికాలంలో చచ్చిపోయింది."

ఆయిద్ తల ఎత్తి నన్ను చూశాడు. కోపం కాదు. బరువు దించుకున్నవాడి ముఖంలో ముందు కనిపించేది నమ్మలేకపోవడం. తరువాత తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు. "అల్లాకి స్తోత్రం," అన్నాడు మెల్లగా. "అయిపోయింది అక్కా. ఇక నువ్వు వెళ్లు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లు."

హర్బ్ అప్పటికే లేవబోతున్నాడు.

మిస్లిహ్ కొడుకు నా ముందుకు వచ్చి కాఫీ పోశాడు. నేను కప్పు అందుకున్నాను. తాగకుండా ముందు నేల మీద పెట్టాను.

మా దగ్గర అతిథి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే ఒక కోరిక ఉందని అర్థం. అది తీరేదాకా తాగడు. తాగకుండా లేచిపోతే ఆ గుడారానికి అంతకన్నా అవమానం లేదు. మగవాళ్లు పిల్లనడగడానికో, రక్తం మన్నించమనడానికో పెట్టే కప్పు అది. ఆడది పెట్టగా నేను వినలేదు, వాళ్లూ వినలేదు.

"తాగు బిడ్డా," అన్నాడు మిస్లిహ్. "కోరిక తీరినట్టే, ఏదో చెప్పు."

"ఆరవదీ, దాని సంతతీ నా ముఖంలో ఉన్నాయి. నా తమ్ముడి ముఖంలో కాదు. నా ముఖంలో."

"అదేంటత్తా," అన్నాడు హర్బ్. నవ్వడానికి చుట్టూ చూశాడు, తోడు దొరకలేదు. "ఆడాళ్ల మొహం చెల్లదని నీకు తెలియదా? ఆ పాత పంచాయితీ మళ్లీనా?"

"చెల్లదని ఎవడు చెప్పాడురా?" తెర అవతలి నుంచి తమామ్ గొంతు. "ఓ మిస్లిహ్, నీకు గుర్తుందో లేదో. నా పెళ్లయిన ఏడు మగాళ్లంతా గడ్డి కోసం దూరం పోయారు. చేతులకి నెత్తురంటిన మనిషొకడు మా గుడారంలో దూరి నడిమి గుంజ పట్టుకున్నాడు. మా అత్త ఏమంది? మగాళ్లొచ్చాక రమ్మందా? కొంగు కప్పింది. తరుముకొచ్చినవాడు బయట చెప్పులు విడిచి కూర్చున్నాడు, లోపలికి అడుగు పెట్టలేదు. ఎవడు వాడు?"

మిస్లిహ్ కళ్లు తుడుచుకున్నాడు. "నేనే."

"ఆ. నువ్వే. అప్పుడు చెల్లింది మా అత్త మొహం."

"మీ అత్త చేతిలో గుడారం మేకు కొట్టే సుత్తి కూడా ఉంది తమామ్. మొహానికి ఆగానో సుత్తికి ఆగానో నాకిప్పటికీ తెలీదు."

ఈసారి అందరూ నవ్వారు. హర్బ్ కూడా. పోయిన మేకలు తమామ్‌వి. ఆమె అడ్డుపడకపోగా ముందుకు తోసింది. ఇక తీర్పుకు అడ్డేమీ లేదని నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లు ఎదురుచూసినదాన్ని ఒక ముసలామె తెర వెనక నుంచి నాలుగు మాటల్లో తెచ్చి నా ముందు పెట్టింది. నా చదువు గానీ, నా కొలతలు గానీ చేయలేని పని ఒక సుత్తి చేసింది. అందుకు నేను కృతజ్ఞురాలిని, ఆ కృతజ్ఞత నన్ను ఇంకా మండిస్తుంది.

మిస్లిహ్ నవ్వు ఆగాక అడిగాడు. "తమామ్, మీ అత్త ఆ మనిషి మీద కొంగు కప్పాక ఎక్కడికైనా పోయిందా?"

"ఎక్కడికి పోతుంది? గుంజ దగ్గరే కూర్చుంది. మగాళ్లొచ్చి రాజీ కుదిరేదాకా."

"అదే నేననేది." అతను నా వైపు తిరిగాడు. "బిడ్డా, నీ ముఖం చెల్లుతుంది. చెల్లదని ఇకపై ఎవడైనా అంటే నా దగ్గరికి రమ్మను. వాగులో విషం లేదు. తోడేలుని తుపాకీతో వెతుక్కుంటే హర్బ్ ఇష్టం. అయితే ముఖం ఇక్కడుంటే మనిషి కూడా ఇక్కడే ఉండాలి. రేపు ఎవడి మేక చచ్చినా వాడొచ్చి ఒక తలుపు కొట్టాలి కదా. తూర్పు ఎడారికి పోయి కొడతాడా?"

"మగవాళ్లకు ఈ షరతు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాను. "ఆయిద్ టైర్ల కోసం, పెళ్లిళ్ల కోసం నెలల తరబడి పోయాడు."

"వాడికి నువ్వున్నావు," అన్నాడు మిస్లిహ్. అతని గొంతులో ఎకసెక్కం లేదు. "నీకెవరున్నారు?"

ఇంత కచ్చితమైన వాక్యం నా గురించి ఏ విశ్వవిద్యాలయంలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆయిద్ నా మీదికి వంగి చెవిలో అన్నాడు. "అక్కా, కప్పు ఎత్తకు. మాట వెనక్కి తీసుకో. పెద్దదానివి, తప్పు పట్టరు. పెట్టె సర్దుకున్నావు కదా."

అతను ఆ మాట ప్రేమతోనే అన్నాడు. ముప్పై ఏళ్లు నన్ను కదలనివ్వనివాడు, ఆ సాయంత్రం నన్ను వెళ్లగొట్టడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. ఆరు అన్న మాటకూ ఈ కప్పుకూ మధ్య, కాఫీ చల్లారేంతసేపు, నేను ఎక్కడికైనా వెళ్లగల మనిషిని. ఆ కాస్త సమయం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నిజాయితీగా చెప్పగలిగేది ఒక్కటే: నేను దాన్ని గమనించలేదు. తెగిన చారదాని గురించి ఆలోచిస్తున్నాను.

తలగుడ్డ అంచుకు ముడి వేశాను. మాట ఇచ్చినవాళ్లు అలా వేయాలి. ఎన్నడూ వేయకపోయినా వేళ్లు తడబడలేదు. మగవాళ్లు వేస్తుంటే చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా. కప్పు తీసుకుని తాగాను. చల్లగా, మట్టిలా ఉంది.

అమ్మాన్‌కు ఫోను చేసి రాలేనన్నాను. కారణం చెప్పాను. అవతలి మనిషి అది ఆరోగ్య సమస్యా అని అడిగాడు. తరువాత తెలిసింది, నా స్థానంలో తీసుకున్నది ఒకప్పుడు మా ఇంట్లో మూడు వారాలు తిని వెళ్లిన పరిశోధకుణ్నే. వాదీ సిద్రలో విశేషమైన అనుభవం ఉన్నవాడట.

పుస్తకాలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. తీసి సర్దాలి.

వారం తిరక్కుండానే తలుపు చప్పుడైంది. తీస్తే హర్బ్. చేతిలో ట్యాంకరు నీళ్ల గొట్టం, సగానికి తెగిపోయి వేలాడుతోంది.

"అత్తా, నీ మొహం ఇంట్లోనే ఉందా?"

"ఉంది."

"నిన్న బండి వాగు పక్కన ఆపా. పొద్దున చూస్తే గొట్టం నమిలేసి ఉంది. తోడేలనకు. తోడేలుకి రబ్బరు తినే పోయేకాలం రాలేదు."

గొట్టాన్ని బల్ల మీద పెట్టి, దీపం దగ్గరికి జరిపి, కాలిపర్లు తీశాను. అతను తలుపుకు ఆనుకుని నిలబడి, ఈసారి వెక్కిరించకుండా, నా చేతుల వైపే చూస్తున్నాడు. రెండు గాట్ల మధ్య ఎడం కొలిచాను. మళ్లీ కొలిచాను.

"అదే," అన్నాను. "దాని పనే. పెరట్లో నా గొట్టం ఉంది, విప్పి తీసుకుపో."